కవళ్లలో లేని ముల్లు

మా ఇంటి పిల్లకి చేపముల్లు గుచ్చుకోవడం అంటే, కంసాలి కూతురు గిల్టు గాజులు వేసుకుని పెళ్లికి వెళ్లడం లాంటిది. పరువు తక్కువ. నాన్నది సముద్రం మీద వేట, అమ్మది నరసాపురం మార్కెట్లో చేపల గంప. నాకు పళ్లు రాకముందే ముళ్లు తెలుసునని మా నాయనమ్మ అంటూ ఉంటుంది. అలాంటి నా నాలుకలో కిందటేడు ముల్లు దిగిందని మా వీధి వీధంతా నమ్మింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసేదాకా మా అమ్మ కూడా నమ్మింది.

దిగింది ముల్లు కాదు. చిన్న స్టీలు పుల్ల. దానికి పైన ఒక గుండు, కింద ఒక గుండు. రాజమండ్రిలో నేనే కోరి కుట్టించుకున్నది.

ఇప్పుడు బాగానే ఉన్నాను. తింటున్నాను, మాట్లాడుతున్నాను, మా వాళ్ల లెక్కలో అవసరానికి మించే మాట్లాడుతున్నాను. మొన్న మా హాస్టల్లో జూనియర్ అమ్మాయి ఒకతి నా గదికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, "అక్కా, నువ్వు కుట్టించుకున్న షాపు ఎక్కడో చెప్పవా" అని అడిగింది. ఆ పిల్లకి జరిగినదంతా నోటితో చెప్పబోతే ఒకచోట నవ్వొచ్చేసింది, ఇంకోచోట ఏడుపొచ్చేసింది. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. ఇలా కాదని చేత్తో రాస్తున్నాను. వద్దని చెప్పడానికి కాదు. తెలిసి వెళ్లమని.

జూన్ చివర

నా చెవులు నన్ను అడిగి కుట్టలేదు. నాయనమ్మ ఒళ్లో గుక్కపట్టి ఏడ్చానట. ముక్కూ అంతే, పెద్దమనిషి అయిన ఏడాది వరసకి అత్త వచ్చి కుట్టించింది. డిగ్రీలో చేరి పద్దెనిమిది నిండాక, ఈ ఒంటి మీద నేను అడిగి కుట్టించుకున్న చోటు ఒక్కటైనా ఉండాలనిపించింది. నాలుకే ఎందుకంటే, దాచుకోవచ్చు. నోరు మూసుకుంటే చాలు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్న రోజు లేదన్న సంగతి ఆ వేళకి తట్టలేదు.

నాతో వచ్చింది హారిక, మా రూమ్మేటు. సెల్‌ఫోన్ కొట్టు పై అంతస్తులో ఉంది ఆ షాపు. కుర్రాడు చేతికి గ్లవ్స్ తొడుక్కున్నాడు, సూది కొత్త ప్యాకెట్టు మా ముందే చింపాడు. ఇంకేం కావాలి, ఆస్పత్రిలా ఉందనుకున్నాం. పుల్లలు రెండు రకాలు చూపించాడు.

"పొడుగుది పెడితే పళ్లకి తగులుద్దండి. పొట్టిదైతే నీట్‌గా ఉంటది" అన్నాడు.

మాకు నీట్‌గానే కావాలి. పొట్టిదే పెట్టమన్నాం. మొదట్లో నాలుక వాస్తుంది, ఆ వాపుకి చోటుండాలి, అందుకని ముందు పొడుగుదే పెట్టాలట. ఈ ముక్క నాకు తర్వాత డాక్టరమ్మ చెప్పింది. నేను ఆవిడ దగ్గరికి చేరేసరికే ఆ పొట్టి పుల్ల నా నాలుకలో మునిగిపోయి ఉంది.

మర్నాడు సాయంత్రం రైలెక్కి ఇంటికి బయల్దేరాను. నిడదవోలు దాటేసరికి నోట్లో ఏదో బరువుగా, కరిగిపోని బిళ్లొకటి చప్పరిస్తున్నట్టుగా ఉంది. వాపు మామూలేనని ఆ కుర్రాడు ముందే చెప్పాడు కదా అని ఊరుకున్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ "ఏ ఊరమ్మా?" అని అడిగితే "నర్తాపురం" అని వచ్చింది. ఆవిడ జాలిగా చూసి జామకాయ ముక్క ఇచ్చింది. పుట్టుకతోనే మాట అలా అనుకుని ఉంటుంది.

ఇంట్లో అమ్మ నా కోసం కవళ్ల పులుసు పెట్టింది. కవళ్లంటే వేలెడంత వెండి చేపలు, నూనె బాగా ఉంటుంది, ముళ్లు జుట్టులా సన్నగా ఉంటాయి. వేసవిలో వేట ఆపేస్తారు కదా, మళ్లీ పడవలు వెళ్లి తెచ్చిన మొదటి కవళ్లు. గంపలో మేలైనవి అమ్మకుండా నాకు తీసి ఉంచిందట.

"నువ్వొస్తున్నావని రెండు రెబ్బలు కరేపాకు ఎక్కువేశాను. తిను" అంది.

తిన్నాను. పచ్చి పుండు మీద పులుసు పడితే ఎలా ఉంటుందో రాయను, ఎవరి ఊహకి వాళ్లని వదిలేస్తాను. కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"కారం ఎక్కువైందా?"

తల అడ్డంగా ఊపాను.

"మరేంటే, బెంగా?"

నిలువుగా ఊపాను. అమ్మ కరిగిపోయి ఇంకో గరిటె వేసింది.

ముల్లు మంత్రం

పొద్దున్న లేచేసరికి నాలుక నోరంతా నిండిపోయింది. పళ్లెంలో పట్టని చేపలా అటూ ఇటూ కదలనంటోంది. ముందుగా చూసింది నాయనమ్మ. ఎనభై దగ్గర పడుతున్నా వలలో కన్ను ఎక్కడ తెగిందో దూరం నుంచే చెప్పే మనిషి.

"ఏంటే ఆ మూతి? ఏదీ, ఇటు తిరుగు. రాత్రి కవళ్లేగా తింది? ముల్లు! సూడవే కోడలా, పిల్ల నాలిక్కి ముల్లు దిగిపోయింది!"

మాట రానివాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. ఎదుటివాళ్లు అన్నదానికి అవుననో కాదనో అనడమే తప్ప సొంత వాక్యం మొదలెట్టలేరు. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఆ పైన జరిగిందంతా మర్యాదే. ఒట్టి అన్నం ముద్ద నమలకుండా మింగమన్నారు. అరటిపండు మింగమన్నారు. చక్రకేళి అయితే జారుతుందని ఒకరు, కాదు కూర అరటికాయ ఉడకబెట్టి ఇవ్వాలని ఇంకొకరు. నా పరామర్శకి వచ్చినవాళ్లందరూ చేపలు పట్టేవాళ్లో, అమ్మేవాళ్లో, ఎండబెట్టేవాళ్లో. ఒక్కరికీ నవ్వాగడం లేదు.

"ఏంటే భవానీ, మనం చేపని పడతాం గానీ, చేప నిన్ను పట్టిందా?"

"రాజమండ్రి నీళ్లు తాగింది కదా, చేప తినడం మర్చిపోయుంటాది లెండి."

మా వీధి చివర పోలయ్య తాత ఉంటాడు. ముల్లు మంత్రం ఆయన దగ్గరుంది. గ్లాసు నీళ్లలోకి ఏదో గొణిగి, ఆ నీళ్లు తాగించి, అరచేతి వెనకవైపుతో మెడ మీద పై నుంచి కిందకి నిమురుతాడు. నిమిరే చెయ్యి ఎంత మెత్తగా ఉందంటే, కాసేపు నిజంగానే ముల్లయితే బాగుండుననిపించింది. మంత్రం ముగించి, నా మొహంలోకి చూసి, "ఆయ్, దిగిపోయిందమ్మా. ఇంక భయం లేదు" అని తీర్పు చెప్పాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాయనమ్మ ఆయనకి టీ ఇచ్చింది.

సాయంత్రానికి జ్వరం వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. కుట్టించుకున్నాక కొంచెం వాపు, కొంచెం నొప్పి ఎవరికైనా ఉంటాయి. కానీ జ్వరం తగిలినా, గడ్డం కింద గట్టిపడినా, ఉమ్మి మింగుడు పడకపోయినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా ఒక్క పూట కూడా ఆగకండి. ఇంట్లో ఎవరేమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు. నేను ఆగాను. అమ్మ మంచం పక్కన కూర్చుని తడిగుడ్డతో నుదురు తుడుస్తూ, "పెద్దదైంది కదా అని ఒలవకుండా పెట్టాను" అని తనలో తను అనుకోవడం వింటూ ఆగాను. చిన్నప్పుడు నా కంచంలో చేపని అమ్మ వేళ్లతో చిదిపి, ముల్లు ముల్లూ ఏరి, కండ మాత్రం అన్నంలో కలిపేది. నేను ఇంటర్‌లోకి వచ్చాక నేనే ఒద్దన్నాను, సిగ్గేసి.

తెల్లారేసరికి గడ్డం కింద రెండో గడ్డం వచ్చింది. కూర్చుంటే తప్ప గాలి అందడం లేదు. అమ్మ నన్ను చూసిందో లేదో, గంప అక్కడే వదిలేసి ఆటో పిలిచింది. నాన్న వేటలో ఉన్నాడు, ఫోను అందలేదు. భీమవరం వెళ్లేదాకా అమ్మ ఆటో రాడ్డు ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుంది. గోతి వచ్చిన ప్రతిసారీ డ్రైవర్‌ని తిట్టింది. మార్కెట్లో తిట్లు కాదు, గొంతు లేని తిట్లు.

జూలై, భీమవరం

ఆస్పత్రి హాల్లో జనం. కుర్చీలన్నీ నిండి, గోడలకి కూడా మనుషులు ఆనుకుని ఉన్నారు. టీవీలో ఎవరో వంట చేస్తున్నారు. నా నోట్లోంచి కారే ఉమ్మిని అమ్మ కొంగుతో పట్టుకుంటోంది. ఎవరైనా అసహ్యించుకుంటారేమోనని నేను తల దించుకున్నాను. ఇంతలో పక్క కుర్చీలో ఉన్న పాలకొల్లు ఆవిడ, అత్తగారి ఆపరేషన్ కోసం వచ్చిందట, తన సంచీలోంచి ఉతికిన తువ్వాలు తీసి నా ఒళ్లో వేసింది. "కొంగెందుకండీ, ఇది ఉంచండి. పిల్లకి ఏమైంది?"

"ముల్లండి. కవళ్ల ముల్లు. నాదే తప్పండి."

"మీరేం చేస్తారండీ. తినేటప్పుడు వాళ్లే చూసుకోవాలి."

"లేదండి, నాదేనండి. ఈపాటి తెలియదా నాకు. రోజూ అవే అమ్ముతానండి."

అమ్మ ఆ మాట రిసెప్షన్‌లో చెప్పింది. నర్సుకి చెప్పింది. వీల్‌చైర్ తెచ్చిన ఆయనకి కూడా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ తప్పు కాస్త పెద్దదైంది. మొదట ఒలవకుండా పెట్టింది. తర్వాత దీపం సరిగా లేని చోట పెట్టింది. తర్వాత, అలిసిపోయి వచ్చిన పిల్లకి అసలు ఆ పూట కవళ్లే పెట్టకుండా ఉండాల్సింది. నాకు ఊపిరి ఆడనిది నాలుక వల్లో ఈ మాటల వల్లో తెలియడం లేదు.

లోపల డాక్టరమ్మ టార్చి వేసి చూస్తూ, "ముల్లు గుచ్చుకుని ఎంతసేపైందండీ?" అని అడిగింది. అమ్మ మళ్లీ మొదలెట్టింది. "నాదేనండి పొరపాటు. కవళ్లవి సన్నముళ్లు కదండీ..."

నేను డాక్టరమ్మ కోటు పట్టుకుని లాగాను. ఆవిడ నావైపు చూడగానే వేలితో నా ముక్కుపుడక ముట్టుకున్నాను. తర్వాత అదే వేలు నోటివైపు చూపించాను. మళ్లీ ముక్కుపుడక. మళ్లీ నాలుక.

డాక్టరమ్మ టార్చి దించింది. "నాలుకకా? ఇలాంటిదే పెట్టించుకున్నావా?"

తల ఊపాను.

"ఇంకా లోపలే ఉందా?"

ఊపాను.

మార్కెట్లో మా అమ్మ గొంతు రేవు దాకా వినిపిస్తుందని పేరు. ఆ గొంతు అక్కడ ఆగిపోయింది. నన్ను చూసింది, డాక్టరమ్మని చూసింది, నా ముక్కుపుడకని చూసింది. తిడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. తిట్టలేదు.

"బతుకుద్దాండీ?" అంది.

"బతుకుతుందమ్మా. కానీ వాపు గొంతులోకి దిగుతోంది. గాలి వెళ్లే దారి మూసుకుపోకుండా ఇప్పుడే తీసెయ్యాలి. మాట విషయం మాత్రం ఇప్పుడే చెప్పలేను. ముందు ఊపిరి నిలబెడదాం."

థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందు నగలన్నీ తీసేయమన్నారు. చెవులవి నర్సు తీసింది. ముక్కుది అమ్మే తీసింది. తీసి పిడికిట్లో పెట్టుకుంది. నేను బయటికి వచ్చేదాకా అమ్మ ఆ పిడికిలి విప్పలేదని, టీ ఇస్తే ఎడమ చేత్తో తీసుకుందని పాలకొల్లు ఆవిడ తర్వాత నాకు చెప్పింది. అత్తగారిని గదికి మార్చేశాక కూడా ఆవిడ వెళ్లిపోకుండా కింద హాల్లోనే కూర్చుందట, మా అమ్మ ఒంటరిగా ఉందని. ఆవిడ పేరు ఇప్పటికీ మాకు తెలియదు. అడగడం మర్చిపోయాం.

మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంది. నాలుక ఉందో లేదో తెలియలేదు. అది చాలా వింత భయం. చెయ్యి ఉందో లేదో చూసుకోవచ్చు, కాలు తడుముకోవచ్చు. నాలుకని వెతకడానికి నాలుకే కావాలి. ఏడుద్దామంటే గొట్టం అడ్డం. అప్పుడు అమ్మ చెయ్యి నా పాదం మీద పడింది. ఆ చేతికి ఎంత సబ్బు రుద్దినా పోని వాసన ఒకటి ఉంటుంది. హాస్టల్లో చేరిన కొత్తలో ఆ వాసన నా బట్టల్లో ఉందేమోనని దొంగచాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదాన్ని. ఐసీయూలో మందుల కంపులోంచి ఆ చేపల వాసన వచ్చాక నాకు ఊపిరి తిన్నగా ఆడింది.

గొట్టం తీసేశాక కూడా మాట లేదు. వేలి సైగలు పెట్టుకున్నాం. ఒక వేలంటే నీళ్లు, రెండంటే దుప్పటి, పిడికిలంటే నొప్పి. రేవులో చేపల వేలం పాటలో బేరం తెగేటప్పుడు అమ్మా వాళ్లు కండువా కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారే, అలాగ. మధ్యలో ఒకసారి నేను రెండు చేతులూ జోడించాను. తప్పైందనడానికి సైగ ఏదీ అనుకోలేదు మేము. అమ్మ ఆ చేతులు విడదీసి దుప్పట్లో పెట్టేసింది.

నాన్న పడవ దిగి తిన్నగా వచ్చాడు. లుంగీ అంచుకి ఇంకా ఉప్పు తెల్లగా కట్టి ఉంది. అమ్మ బయట వరండాలోనే అంతా చెప్పినట్టుంది, లోపలికి వచ్చి ఏమీ అడగలేదు. మంచం పక్కన నిలబడి నా మూతి వంక చూశాడు. చివరికి, "గాలం వెయ్యడం మన పనే తల్లీ. మింగడం చేప పని" అన్నాడు. అని, తన మాటకి తనే నవ్వబోయి, నవ్వు చాలక మొహం తిప్పుకున్నాడు.

శ్రావణ మాసం

ఇంటికి వచ్చాక మెత్తటి జావ, పెరుగన్నం. నాలుక ఉంది, కానీ ఎడమవైపు మొద్దు. ఎవరి నాలుకో అద్దెకి తెచ్చుకున్నట్టు ఉండేది. అక్షరాల్లో సగం నామీద అలిగాయి. "అమ్మ" పరవాలేదు, పెదాలతో గడిచిపోతుంది. "నాన్న" కొంచెం కష్టపడితే వచ్చింది. నాలుక పైకి మడిచి అనాల్సినవి మాత్రం ససేమిరా రానన్నాయి. డాక్టరమ్మ రోజూ గట్టిగా చదవమంది. పుస్తకం పడితే నిద్రొస్తుందని నేను బస్సుల బోర్డులు గుర్తుచేసుకుని చదివాను. అన్నవరం సులువు. పాలకొల్లు దగ్గర తడబాటు. పిఠాపురం దాకా వెళ్లేసరికి నా బండి బ్రేక్‌డౌన్. నాయనమ్మ ఎదురుగా కూర్చుని నాతో పాటు అనేది. ఆవిడకి పళ్లు లేవు, నాకు నాలుక లేదు. ఇద్దరం కలిసి పిఠాపురాన్ని ఏం చేశామో ఆ ఊరి కుక్కుటేశ్వరుడికే తెలియాలి.

నాన్న ఒక పూట అన్నం తింటూ, "ఇంక ఆ హాస్టలొద్దు. చదివింది చాలు" అన్నాడు.

"నాలిక వాస్తే చదువు మానిపిస్తారా? వల చిరిగితే వేట మానేశావా నువ్వు?" అంది అమ్మ.

నాన్న ఇంకోసారి ఆ మాటెత్తలేదు. కానీ అమ్మ నాతో కూడా ఎక్కువ మాట్లాడేది కాదు. తిట్టలేదు, ఎందుకు చేశావని అడగలేదు. అన్నం పెట్టడం, మందు వెయ్యడం, మొహం తుడవడం అన్నీ జరుగుతున్నాయి. మా మధ్య ఒక తెడ్డెడు దూరం మాత్రం తగ్గలేదు. ఆవిడ అడిగితే చెబుదామని నేను మనసులో వాక్యాలు కూర్చుకునేదాన్ని. అడిగేది కాదు.

వీధిలోవాళ్లకి అమ్మ చెప్పింది ఒకటే. "ముల్లేనండి. చీము పట్టేసింది."

మొదట నాకు ప్రాణం కుదుటపడింది. రోజులు గడిచాక అర్థమైంది ఆ మాట ఖరీదు. చేపలమ్మి కూతురికే ముల్లు గుచ్చుకుని కోత దాకా వెళ్లిందంటే, ఆ చేపలమ్మి దగ్గర కవళ్లెవరు కొంటారు? పక్క గంపల దగ్గర బేరాలు సాగుతుంటే అమ్మ కవళ్లు మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోయేవట. ఇంటికి తెచ్చి ఉప్పేసి ఎండబెట్టేది. డాబా మీద అవి ఎండుతుంటే నాన్న చూసీ చూడనట్టు కిందకి దిగిపోయేవాడు. నాయనమ్మకి మాత్రం కోపం. "నువ్వు ఒలిచిపెట్టాల్సిందే కోడలా" అని రోజుకోసారి దెప్పేది. ఆవిడకి ఎవరూ నిజం చెప్పలేదు. అమ్మ "అవునత్తా" అని గిన్నెలు కడుక్కునేది.

నాలుక కుట్టించుకున్న పిల్ల అని నన్ను రేపెవరూ అనకూడదు. అందుకు తన గంపకి ఆ పేరు రానిచ్చింది. నాతో అననైనా అనలేదు.

చవితి వెళ్లాక

కాలేజీకి తిరిగి వెళ్లే ముందు ఒక ఉదయం అమ్మతో మార్కెట్‌కి వెళ్లాను. మంచు బాక్సు మొయ్యడానికి సాయం అన్నాను. అమ్మ వద్దనలేదు. ఆ రోజు కవళ్లు నిగనిగలాడుతున్నాయి.

మేష్టారొకాయన ఉన్నారు, రిటైరయ్యారు, అమ్మకి ఎప్పటినుంచో ఖాతాదారు. సంచీ పట్టుకుని వచ్చి కవళ్ల వంక ఆశగా చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"బాగున్నాయి గానీ వద్దులేమ్మా. మీ అమ్మాయికే అంత పనైందంట కదా. మా ఇంట్లో మనవలున్నారు."

"ఆయ్, అవునండి మేష్టారూ. పోనీ చందువా ఇవ్వనాండీ? ముల్లుండదు" అంది అమ్మ, ఏమీ లేనట్టు.

పక్క గంప నూకాలమ్మత్త అందుకుంది. "ఇటు రండి మేష్టారూ. దాని కవళ్లకి కోరలుంటాయి, నావి బుద్ధిమంతులు!"

చుట్టూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"ముల్లు కాదండి మేష్టారూ" అన్నాను.

ఇంటి బయట నేను అన్న మొదటి వాక్యం అది. 'ళ్లు'కీ 'ల్లు'కీ నా నోట్లో ఇంకా తేడా లేదు. కానీ గొంతు మా అమ్మది. వినపడాల్సినంత దూరమూ వినపడింది.

"భవానీ!" అంది అమ్మ కింద నుంచి.

"ముల్లు కాదండి. రాజమండ్రిలో నాలుకకి పుడక కుట్టించుకున్నానండి. అది చీము పట్టిందండి. మా అమ్మ చేపలది ఏం లేదండి."

మేష్టారు కళ్లజోడు సర్దుకున్నారు. "నాలుకకా? అక్కడెలా కుడతారమ్మా?"

"మిగతా చోట్ల కుట్టినట్టేనండి. మనం నోరు తెరిస్తే చాలు."

"ఏదీ, చూపించు!" అని నూకాలమ్మత్త కత్తిపీట మీంచి లేచి వచ్చేసింది. ఇంకో నలుగురు మూగారు. నరసాపురం చేపల మార్కెట్ నడిబొడ్డున నేను నాలుక బయటపెట్టి నిలబడ్డాను. తాజాదో కాదోనని చందువా మొప్పలెత్తి చూసినట్టు అందరూ వంగి చూశారు.

"ఏం లేదేంటే ఇక్కడ?"

"తీసేశారత్తా."

"ఓసి నీ దుంప తెగ! ఇంత కష్టపడి కుట్టించుకుని, మేం చూడకుండానే తీయించేశావా?"

మేష్టారు సంచీ తెరిచి పట్టుకున్నారు. "అయితే చేపది తప్పు లేదన్నమాట. కవళ్లే ఇవ్వమ్మా."

అమ్మ తలెత్తలేదు. కవళ్లు తూచి, పొలుసు గీకడం మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం రోజూకన్నా వేగంగా ఆడుతోంది.

మధ్యాహ్నం ఇంటికి నడుస్తుంటే దారంతా దులిపేసింది. "ఎవరడిగారే నిన్ను? ఇన్నాళ్లూ నేను నోరు కట్టుకుని కూర్చున్నది దేనికి? రేపు నలుగురూ నాలుగు రకాలుగా అనరా? బజారున పెట్టావని మీ నాన్న చెవిన పడితే ఏమంటాడు? నాయనమ్మకి నేనేం చెప్పుకోవాలి?" అన్ని రోజుల తిట్లూ ఒక్కసారే వచ్చాయి. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మా అమ్మ నాతో మాట్లాడుతోంది.

"తిట్టు" అన్నాను.

"తిట్టకేం చేస్తాను!"

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంది. చేతులకి నిమ్మతొక్క రుద్దుకుంది. నాయనమ్మ నిద్రపోతోందో లేదో తొంగి చూసి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"అది ఉన్నప్పుడు ఫోటో ఏమన్నా తీసుకున్నావా?"

నేను ఫోను తెరిచి ఇచ్చాను. షాపు మెట్ల మీద హారిక తీసిన ఫోటో. నాలుక బయటపెట్టి, కళ్లు చికిలించి, పగలబడి నవ్వుతున్నాను. అమ్మ కొంగుతో వేళ్లు తుడుచుకుని, రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసింది. నాలుక మీద ఆగింది.

"ఇదేనా? పెసరగింజంత లేదు."

"అంతేనమ్మా."

"పొడిచినప్పుడు నొప్పెట్టలేదా?"

"పెట్టింది."

"మరి ఇంత నవ్వేంటే?"

ఇన్నాళ్లు కూర్చుకున్న వాక్యాలేవీ పనికి రాలేదు. "కావాలనుకుని పెట్టించుకున్నది కదమ్మా" అన్నాను.

అమ్మ ఫోటోని పక్కకి జరిపింది. నాలుక దాటి, పళ్లు దాటి, నా కళ్ల దగ్గర ఆపింది. అక్కడ ఎంతసేపు చూసిందంటే ఫోను తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించమని నా చేతికిచ్చింది.

"బాగుంది" అంది. "నాకు పంపు."